గులాం నబీ మలుపు

అచ్చంపేట దాటి నల్లమలలోకి ఎక్కే దారుల్లో ఒకదాని మీద ఒక మలుపుంది. ఎడమ పక్క నిలువు బండ, కుడి పక్క లోయ. లారీ డ్రైవర్లు హారను కొట్టకుండా అక్కడ స్టీరింగు తిప్పరు. బస్సు కండక్టర్లు దాన్ని గులాం నబీ మలుపు అంటారు. దిగడానికి అక్కడ ఊరేమీ లేదు. కట్టెలకు పోయే ఆడవాళ్లు దిగుతారు, రోడ్డు పనిచేసే గ్యాంగు దిగుతుంది. లోయ అంచున నడుమెత్తు రాయి ఒకటి నిలబడి ఉంటుంది. దాని మీద నాలుగు పేర్లున్నాయి. నాలుగోది గులాం నబీ.

ఏటా ఆ రాయికి సున్నం వేసేది ఆయన బిడ్డ అజ్మత్ బీ.

ఆమెకు ఆ కొలువు భర్త చావుతో వచ్చింది. మెహమూద్ అదే రోడ్డు మీద గ్యాంగు మేస్త్రీ. డెబ్బై తొమ్మిదిలో బ్రేకులు ఫెయిలైన వెదురు లారీ ఒకటి అతణ్ణి బండకేసి కొట్టింది. ఇద్దరు ఆడపిల్లల్ని వెంటేసుకుని అజ్మత్ బీ రోడ్ల ఆఫీసు చుట్టూ తిరగ్గా తిరగ్గా చివరికి ఆమె చేతికి ఒక పార ఇచ్చారు. గుంతలు పూడ్చాలి, పొదలు కొట్టాలి, వానలకు ముందు కాలువలు తియ్యాలి. ఎండాకాలం చివర్లో కిలోమీటరు రాళ్లకూ కల్వర్టు గోడలకూ సున్నం వెయ్యాలి. గండయ్య మేస్త్రీ, నర్సింగమ్మ, మరో ఇద్దరు, ఆమె. ఇదే గ్యాంగు. అందరికీ ఆమె బీబమ్మ.

తండ్రి ముఖం ఆమెకు గుర్తు లేదు. రజాకార్ల కాలంలో, ఆమె ఇంకా తల్లి చంకలో ఉన్నప్పుడు, అడవిలో తలదాచుకున్న ఊళ్లవాళ్లకు జొన్నలూ ఉప్పూ బండి మీద చేరవేస్తుంటే ఆ మలుపు దగ్గర కాల్చి చంపారని మాత్రం తెలుసు. బండిలో ఉన్న మరో ముగ్గురు రైతుల్నీ చంపారు. శవాల్ని ముట్టనివ్వలేదు. దండు వెళ్లిపోయాక ఊరివాళ్లు వచ్చారు గానీ, అది మళ్లీ తిరిగొస్తుందన్న భయంతో విడదీసి ఎవరి పద్ధతిలో వాళ్లు సాగనంపేంత వ్యవధి లేదు. నలుగుర్నీ ఒకే గోతిలో పెట్టి మన్ను పోశారు. పోలీసు యాక్షను తర్వాత నాలుగు ఇళ్లవాళ్లూ కలిసి దాని మీద రాయి నిలబెట్టారు. అప్పట్నుంచీ ఆ రాయి మీద ఒక పక్క పసుపు కుంకుమ ఉంటాయి, ఒక పక్క ఊదుబత్తి పుల్లలుంటాయి. అజ్మత్ బీ తల్లి అజీజా బేగం బతికినన్నాళ్లు పోయినవాళ్లను తలుచుకునే షబే బరాత్‌కు పూల చాదరు తెచ్చి ఆ రాయికే కప్పేది.

"నాలుగు పానాలు ఒక్క జాగల ఉన్నయి బేటీ. ఒక్కలకు పెడితే నలుగురికి అందుతది" అనేది.

ఎనభై ఏడు ఎండాకాలంలో సున్నం బకెట్టు పట్టుకుని మలుపు దగ్గరికి వెళ్తే రాయి ఎర్రగా ఉంది. నిలువెల్లా ఎర్ర రంగు. పైన కొడవలీ సుత్తీ. పేర్లు మాత్రం తెల్లగా, శ్రద్ధగా దిద్ది ఉన్నాయి.

గండయ్య మేస్త్రీ అటూ ఇటూ చూశాడు. "బీబమ్మా, దాన్ని ముట్టకు. అన్నలు ఏసిన రంగది."

"ముట్టకపోతే పోలీసోళ్లు అడుగరా?"

"అడుగుతరు. ముడితే వీళ్లు అడుగుతరు. ఏం జెయ్యాల్నో నాకు సమజైతలేదు."

ఆ వేళ ఆమె ముట్టలేదు. కొన్నాళ్లకు కల్వర్టు కింద మట్టి తీస్తుంటే పొదల్లోంచి ముగ్గురు దిగొచ్చారు. ముందున్నవాడికి కళ్లద్దాలు. భుజాన తుపాకీ లేకపోతే బడిపంతులనుకోవచ్చు.

"గులాం నబీ బిడ్డవు నువ్వేనా అమ్మా?" అని అడిగాడు. ఆమె తలూపింది. "మీ నాయిన మా బాటల ముందు నడిచినోడు. ఆయనకు మేం లాల్‌సలాం చెప్పుకున్నం. నీకేమన్న తక్లీఫ్ ఉంటే చెప్పు."

అజ్మత్ బీ చేతిలోని పారను నేలకు ఆనించింది. "మా నాయిన ఏ బాటల నడిచిండో నాకు ఎర్క లేదన్నా. ఆయన బండి తోలిండని మా అమ్మ చెప్పింది. ఆ రాయి తెల్లగుండేది."

కళ్లద్దాల మనిషి నవ్వాడు. నొచ్చుకున్నట్టు కూడా అనిపించింది. మిగతా ఇద్దరితో పొదల్లోకి వెళ్లిపోయాడు. రంగు అలాగే ఉండిపోయింది.

రెండేళ్ల తర్వాత ఆ రాయికి పది అడుగుల దూరంలో కొత్త స్థూపం లేచింది. ఇటుకా సిమెంటూ పెట్టి కట్టి, ఎరుపు పూసి, మధ్యలో నాపరాయి ఫలకం బిగించారు. ఫలకం మీద జంగయ్య అని పేరు. కింది ఊరి హనుమమ్మ కొడుకు. ఇంటరు చదువు మధ్యలో మానేసి అడవిలోకి పోయినవాడు. ఎన్‌కౌంటరని పేపర్లో వచ్చింది. శవాన్ని ఇంటికివ్వలేదు. స్థూపం కట్టిన రోజు హనుమమ్మ అక్కడికి రాలేదు. ఆమె ఇంటి ముందు పోలీసు జీపు నిలబడి ఉంది.

ఆ మలుపు దాటేటప్పుడు బస్సులో మాటలు ఆగిపోవడం అప్పట్నుంచే మొదలైంది.

తొంభై రెండు చలికాలంలో, మలుపుకు కొంచెం పైన కల్వర్టు కింద మందుపాతర పేలింది. పోలీసు జీపు లోయలో పడింది. ఇద్దరు కానిస్టేబుళ్లు చనిపోయారు. ఆ కల్వర్టు గ్యాంగుదే. గండయ్యను ఠాణాకు పిలిపించి పొద్దంతా నిలబెట్టారు. వారం తిరక్కుండానే చుట్టుపక్కల ఎర్ర స్థూపాలన్నీ కూలగొట్టమని పై నుంచి ఉత్తర్వులొచ్చాయి.

పొద్దున పది దాటాక రెండు వ్యాన్లు మలుపు దగ్గర ఆగాయి. కానిస్టేబుళ్లు దిగి బండ మీదికీ లోయ వైపూ తుపాకులు చాపి నిలబడ్డారు. చివర ఎస్సై దిగాడు. కుర్రవాడు, కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు. చనిపోయిన ఇద్దరిలో ఒకతను అతని జీపు డ్రైవరే. నాలుగు రోజులుగా నిద్ర లేని కళ్లు.

"రోడ్డు గ్యాంగేనా మీరు? సుత్తులున్నాయిగా. ఈ రెండూ పగలగొట్టండి. త్వరగా కానివ్వండి. ఇక్కడ ఎక్కువసేపు నిలబడకూడదు."

ఎవరూ కదల్లేదు. పొదల్లోంచి ఎవరు చూస్తున్నారో ఎవరికి తెలుసు? గండయ్య సమ్మెట ఎత్తబోయి మళ్లీ దించాడు. అజ్మత్ బీ వెళ్లి పాత రాయికి వీపు ఆనించి కూర్చుంది.

"ఏయ్, లే" అన్నాడు ఎస్సై.

"ఇది అన్నలది కాద్సార్."

"ఎర్రగా కనిపిస్తుంటే కాదంటావేంటి?"

"రంగు వాళ్లది. రాయి మాది. దీని కింద మా నాయిన ఉన్నడు. గోరీ సార్ ఇది."

ఎస్సై రాయి చుట్టూ తిరిగి పేర్లు చదివాడు. "నాలుగు పేర్లున్నాయి. మూడు హిందువుల పేర్లు. గోరీ అంటున్నావు. నన్ను పిచ్చివాణ్ణనుకుంటున్నావా?"

"నలుగుర్ని ఒక్క గోతిలనే పెట్టిన్రు సార్. రజాకార్ల టైముల."

"రజాకార్లు ముస్లింని ఎందుకు చంపుతారు?"

చిన్నప్పట్నుంచీ తనూ లోపల్లోపల వేసుకున్న ప్రశ్నే అది. తల్లిని ఒకసారి అడిగితే, "చంపిన్రు, అంతే" అని కుండలోంచి నీళ్లు ముంచుకుని తాగింది తప్ప మరో మాట చెప్పలేదు.

ఒక కానిస్టేబులు వచ్చి ఆమె రెక్క పట్టుకున్నాడు. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టి రాయిని వాటేసుకుంది. తుపాకుల మధ్య అలా పెనుగులాడుతుంటే తలమీది కొంగు జారింది. నర్సింగమ్మ ఏడుపు లంకించుకుంది. ఎస్సై చెయ్యెత్తి కానిస్టేబుల్ని ఆపాడు.

"సరే. చూసినవాళ్లెవరైనా బతికున్నారా? ఉంటే తీసుకురా. రేపు సాయంత్రం దాకా టైమిస్తాను. ఆ తర్వాత నువ్వడ్డమొస్తే నక్సలైట్లకు సాయం చేశావని కేసు రాస్తాను. ఉద్యోగం పోతుంది, జైలుకు కూడా పోతావు. అర్థమైందా?"

చూసినవాడు ఒక్కడున్నాడు. సాలెల వెంకటరాజం. ఆ రోజు బండి వెంట వెళ్లి బతికొచ్చిన పిల్లవాడు అతనొక్కడే అని తల్లి ఎప్పుడో చెప్పింది. మగ్గం మీద బతుకు గడవక ఊరు విడిచి, ఇప్పుడు నల్గొండలో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆయన ఊళ్లో ఉన్నన్నాళ్లు ఎదురుపడ్డప్పుడల్లా అజ్మత్ బీ సలాం చేసి పక్కకు తప్పుకునేది. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. తండ్రి కాళ్లు పట్టుకుని బతిమాలాడని విన్నా భరించలేదు, భయపడి పారిపోబోయాడని విన్నా భరించలేదు.

అచ్చంపేటలో బస్సెక్కి, దేవరకొండలో మారి, నల్గొండలో దిగేసరికి దీపాలు పెట్టారు. అడుగుతూ అడుగుతూ సాలెల వాడలోని ఇల్లు పట్టుకుంది. వెంకటరాజం గుమ్మంలో కూర్చుని తడుముకుంటూ నూలు కండెలు చుడుతున్నాడు. చూపు చాలావరకు పోయింది. ఆమె సంగతంతా చెప్పడం వినగానే లోపల్నుంచి కూతురు రాజమణి బయటికొచ్చింది.

"మా బాపును పోలీసోళ్ల ముంగట నిలబెడ్తవా? అన్నలకు తెలిస్తే? ఆయనకు కండ్లు గూడ కానొస్తలేవు. నీకు దండం బెడ్త, పోవమ్మా."

రాజమణి అన్నదాంట్లో తప్పేమీ కనిపించలేదు అజ్మత్ బీకి. చెప్పులేసుకోవడానికి లేచింది.

"గులాం నబీ బిడ్డ నా ఇంటికొస్తే అన్నం బెట్టకుండ పంపుతవా రాజమణీ?" అన్నాడు వెంకటరాజం కండె కింద పెట్టి. "జొన్నరొట్టె చెయ్యి. నా తెల్లంగి తియ్యి. పొద్దున మొదటి బస్సుకు పోతున్న."

"బాపూ..."

"నా పానం అప్పుడే పోవాల్సింది బిడ్డా. ఇన్నేండ్లు ఊకెనే దొరికినయి. చెయ్యమన్న కదా రొట్టె."

మర్నాడు మధ్యాహ్నానికి మలుపు దగ్గర దిగారు. వ్యాన్లు అప్పటికే వచ్చి ఉన్నాయి. ఎస్సై బండ నీడన నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. వెంకటరాజం చేతికర్రతో రోడ్డును తట్టుకుంటూ, ఏటవాలు మొదలయ్యే చోట ఆగాడు. పాదాలతో నేలను వెతికాడు.

"ఇగో, ఈడనే. బండి ఎనుకకు ఒరుగుతుంటే చక్రానికి రాయి పెట్టనీకె నేను దిగిన. గప్పుడు రోడ్డు లేదు సార్, బండ్లబాట. ఆ మూలకెల్లి గుర్రాలొచ్చినయి. గులాం నబీ నన్ను చూసి ఒక్కటే మాటన్నడు, 'దుంకు' అని. నేను లోయలకు దుంకిన. ముండ్లపొదల పడ్డ. ఆడికెల్లి అంత కానొచ్చింది."

"ఏం కనిపించింది?"

"ముగ్గుర్ని బండిలనే కట్టేసిన్రు. గులాం నబీ ముంగట నిలబడి ఎద్దుల పగ్గాలు గుంజి పట్టుకున్నడు. దండు పెద్దమనిషి ఆయనను చూసి 'నువ్వు మనోడివి, పక్కకు జరుగు' అన్నడు. ఈయన జరుగలే. మళ్లన్నడు. అప్పుడు గులాం నబీ ఏమన్నడో తెల్సునా? 'ఎద్దులు బెదిరినయి సాబ్. నేను ఇడిస్తే బండి లోయల పడ్తది. మనుషులున్నరు దాంట్లె' అన్నడు. నేను చెవులార ఇన్న. గంతే సార్. కాల్చిన్రు. ముందు ఆయననే."

లోయలోంచి గాలి కొడుతోంది. అజ్మత్ బీ రాయి మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"అంటే ఆయన వాళ్ల కోసం కావాలని నిలబడ్డాడా? లేకపోతే ఎద్దుల భయంతోనా?" అని అడిగాడు ఎస్సై. ఈసారి గొంతులో దురుసు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది.

"గది నాకు తెల్వద్సార్. నిలబడ్డడు. జరుగుమంటె జరుగలే. నేను చూసింది గదే."

ఎస్సై టోపీ తీసి నుదురు తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. "రాయి ఉండనివ్వండి. ఎరుపు మాత్రం చుక్క కూడా కనపడకూడదు, గీకి సున్నం వెయ్యండి. ఆ రెండోది మాత్రం ఇప్పుడే కూలిపోవాలి." అజ్మత్ బీ వైపు తిరిగాడు. "నువ్వే కొట్టు. నీ మాట నేను విన్నాను. నా మాట నువ్వు విను."

గండయ్య సమ్మెట ఆమె చేతికిచ్చాడు. ఆమె కళ్లల్లోకి చూడలేదు. అజ్మత్ బీ స్థూపం ముందు నిలబడి, ఫలకం మీది పేరును ఒకసారి చూసింది. తర్వాత ఫలకాన్ని వదిలేసి దాని చుట్టూ ఉన్న సిమెంటు మీద కొట్టింది. ఇటుకలు లేచాయి. రెండో దెబ్బ, మూడో దెబ్బ. చెమట కళ్లల్లోకి కారింది. స్థూపం పైభాగం ఒరిగిపోయింది. ఫలకం ఒక మూల విరిగి, పేరు మాత్రం చెదరకుండా కింద పడింది.

రాళ్లు ఎత్తి లోయలో పారెయ్యమన్నారు. అజ్మత్ బీ ఫలకాన్ని గంపలో అడుగున పెట్టి పైన ఇటుక ముక్కలు పోసింది. తల మీదికెత్తుకుని అంచు దాకా నడిచింది. అక్కడున్న కానిస్టేబులు నడివయసువాడు. గంపలోకి చూశాడు. ఇటుకల సందులోంచి రెండక్షరాలు బయటికి కనిపిస్తున్నాయి. అతను మొహం తిప్పుకుని బీడీ ముట్టించుకున్నాడు. ఆమె ఇటుకల్ని మాత్రం లోయలోకి వంచి, ఫలకాన్ని కొంగు మాటున పొదలో దాచింది.

మర్నాడు నర్సింగమ్మ సాయంతో కట్టెల మోపులో పెట్టుకుని కింది ఊరికి తీసుకెళ్లింది. హనుమమ్మ ఎడ్లకొట్టంలో పేడ ఎత్తుతోంది. అజ్మత్ బీ మోపు దించి, కట్టెలు తప్పించి, ఫలకాన్ని గడ్డి మీద పెట్టింది.

"కూలగొట్టింది నేనే అక్కా. నా చేత కూలగొట్టించిన్రు. పేరును మాత్రం లోయల పారెయ్యబుద్ధి గాలె."

హనుమమ్మకు చదువు రాదు. పేడ చేతులు పాత చీరకు తుడుచుకుని, ఏ అక్షరం ఏదో తెలియకుండానే వేలితో అన్నీ తడిమింది. ఏడవలేదు. కొట్టంలో ఎడ్లు మేత మేసే గాటి కింద గుంత తవ్వి ఇద్దరూ కలిసి ఫలకాన్ని పూడ్చారు.

అజ్మత్ బీ భయపడ్డది పది రోజుల్లోపే జరిగింది.

గ్యాంగు మలుపుకు కింద గుంతలు పూడుస్తోంది. ఎండ నడినెత్తిన ఉంది. తుపాకులు పట్టుకున్న ఇద్దరు పిల్లలు రోడ్డు మీదికొచ్చి, "అజ్మత్ బీ ఎవరు? దళం పిలుస్తాంది" అన్నారు. ఆమె పార గండయ్యకిచ్చి వాళ్ల వెంట నడిచింది. ఆమె చెట్లల్లోకి మాయమయ్యేదాకా నిలబడి, నర్సింగమ్మ ఎవరికీ చెప్పకుండా కొంగు నడుముకు చుట్టుకుని అడ్డదారిన కింది ఊరి వైపు పరుగెత్తింది.

మద్దిచెట్ల మధ్య చదునులో పదిమందిదాకా ఉన్నారు. చుట్టూ, రమ్మంటే వచ్చిన ఊళ్లవాళ్లు గొంతుక్కూర్చున్నారు. కళ్లద్దాల మనిషే పెద్ద. ఐదేళ్లలో వెంట్రుకలు నెరిశాయి, కాలు ఈడుస్తున్నాడు. ఈసారి అమ్మా అనలేదు.

"జంగయ్య స్థూపం కూలగొట్టింది ఎవరు?"

"నేనే అన్నా."

"పక్కనున్న రాయిని పోలీసోళ్లు ఎందుకు ముట్టలే? ఊకెనే ఇడిసిపెట్టిన్రా? ఏం జెప్పినవ్ వాళ్లకు? ఎవల పేర్లు జెప్పినవ్?"

ఆ ప్రశ్న వెనక ఏముందో అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. ముందటేడు ఇదే అడవిలో ఇదే మాట అడిగిన తర్వాత ఒక మనిషి ఇంటికి తిరిగి రాలేదు.

"సచ్చిపోయినోళ్ల పేర్లు జెప్పిన. నాలుగు పేర్లు. బతికున్నోళ్ల పేరు ఒక్కటి జెప్పలే" అంది అజ్మత్ బీ. ఉమ్మి మింగి మళ్లీ మొదలుపెట్టింది. "మా నాయిన రాయి మిగలాల్నంటె మీ స్థూపం కొట్టుమన్నరు. కొట్టిన. అబద్ధం చెప్ప. కొట్టకపోతే రెండూ పోతుండె."

"జంగయ్యకంటె మీ నాయిన ఎక్కువైండా?"

ఫలకం సంగతి ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే బతుకుతానేమో అనిపించింది. కానీ చుట్టూ నాలుగూళ్ల మనుషులున్నారు. వీళ్లలో ఒక్కడు ఠాణాకు చేరేస్తే చాలు, రేపు హనుమమ్మ కొట్టం తవ్వుతారు, హనుమమ్మను తీసుకుపోతారు. అజ్మత్ బీ తల వంచుకుంది. పెద్దకూతురు పురిటికి రావాల్సి ఉంది. పొద్దున నానబెట్టిన మినపపప్పు ఇంట్లో అలాగే ఉంది. అలాంటివే గుర్తుకొచ్చాయి.

"మాట్లాడవేంది?"

"నాకు ఇద్దరూ ఒక్కటే అన్నా. అంతకంటె నాకు చెప్పనీకి రాదు."

దళంలో ఒక కుర్రాడు లేచి ఆమె వెనక్కి వచ్చి నిలబడ్డాడు. అప్పుడే కింది వాలు వైపు నుంచి ఎండుటాకుల చప్పుడైంది. తుపాకులన్నీ ఒక్కసారి అటు తిరిగాయి. నర్సింగమ్మ రొప్పుతూ వస్తోంది. ఆమె ముందు హనుమమ్మ. హనుమమ్మ తల మీద గొంగడిలో చుట్టిన బరువేదో ఉంది. ఎవరివైపూ చూడకుండా నేరుగా నడిచొచ్చి, దాన్ని కళ్లద్దాల మనిషి కాళ్ల ముందు దించి గొంగడి విప్పింది. నాపరాయికి గాటి కింది తడిమన్ను ఇంకా అంటుకునే ఉంది.

"చదువు" అంది. "నాకు రాదు, నువ్వు చదువు."

అతను చదవలేదు.

"నా కొడుకును మీరు తోల్కపోయిన్రు. వాళ్లు చంపిన్రు. శవం గూడ ఇయ్యలె. స్థూపం కట్టిననాడు నన్ను పిలువలె, కూలగొట్టిననాడు ఎవలు నాతోటి చెప్పలె. నా కొడుకు పేరు నా ఇంటికి తెచ్చిచ్చింది ఈమె ఒక్కతే. కట్టెల మోపుల పెట్టుకొని, పానం అరచేతుల పెట్టుకొని తెచ్చింది. ఈమెను ఏమన్న జేత్తె ముందు నన్ను జెయ్యుండ్రి."

కళ్లద్దాల మనిషి వంగి ఫలకం మీది మన్ను బొటనవేలితో తుడిచాడు. వెనకున్న కుర్రాణ్ణి కళ్లతోనే పక్కకు పొమ్మన్నాడు.

"ఇది ఈడ పెట్టుండ్రి. మళ్ల కడతం" అన్నాడు.

"ఇయ్య" అంది హనుమమ్మ. గొంగడి మళ్లీ చుట్టింది. "మళ్ల కడితే మళ్ల కూలగొడ్తరు. నా కొడుకును ఎన్నిసార్లు చంపుతరు మీరు, వాళ్లు?"

అతను కాలు ఈడ్చుకుంటూ రెండడుగులు వేసి, చెట్టుకు చెయ్యి ఆనించి, "పోండ్రి. అందరు పోండ్రి" అన్నాడు.

ముగ్గురు ఆడవాళ్లూ వాలు దిగారు. ఫలకాన్ని వంతులేసుకుని మోశారు. రోడ్డు మీదికొచ్చాక అజ్మత్ బీ కల్వర్టు గోడ మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. నర్సింగమ్మ ఆమె వీపు రాస్తూ కూర్చుంది. హనుమమ్మ ఫలకాన్ని ఒళ్లో పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ ఉంది. సాయంత్రం బస్సొచ్చి ఆగింది. కండక్టరు గొంగడి మూటను చూశాడు, వాళ్ల ముఖాలు చూశాడు. టికెట్టు అడగలేదు.

నాలుగూళ్లవాళ్లు చూసిన ఆ సంగతి ఎలాగో మరి, ఠాణాకు చేరలేదు. చేరినా ఎవరూ పట్టించుకోలేదేమో. ఎస్సై తర్వాతి ఏడు బదిలీ మీద వెళ్లిపోయాడు. కళ్లద్దాల మనిషి తొంభై ఐదులో కృష్ణ ఒడ్డున ఎన్‌కౌంటరులో పోయాడని పేపర్లో ఫోటో వేశారు. అతని అసలు పేరు ఏమిటో అజ్మత్ బీకి అప్పుడే తెలిసింది. అతనికి ఎవరూ ఎక్కడా రాయి పెట్టలేదు. మలుపు దగ్గరి రాయి మీద ఎరుపు గీకిన చోట ఎన్ని పూతలేసినా వానాకాలం రాగానే లేత గులాబీ రంగు బయటపడేది. ఆమె మళ్లీ సున్నం వేసేది.

ఆ మలుపును గులాం నబీ పేరుతో పిలవడం ఎవరు మొదలుపెట్టారో తెలియదు. వెంకటరాజం చెప్పింది కానిస్టేబుళ్లూ గ్యాంగువాళ్లూ విన్నారు, ఇళ్లల్లో చెప్పుకున్నారు, బస్సుల్లో చెప్పుకున్నారు. మిగతా మూడు కుటుంబాలవాళ్లు ఒకసారి వచ్చి, "మా పెద్దల పేర్లు గూడ అనాల్నని లేదు బీబమ్మా. పగ్గాలు పట్టింది ఆయననే గద" అన్నారు.

తొంభై తొమ్మిదిలో వెంకటరాజానికి బాగా లేదని కబురొస్తే అజ్మత్ బీ నల్గొండ వెళ్లింది. ఆయన మంచంలో ఉన్నాడు. మనుషుల్ని గుర్తుపట్టడం తగ్గింది. రాజమణి ఆయన చెవి దగ్గర వంగి ఎవరొచ్చారో చెప్పింది. రెండుసార్లు చెప్పాక ఆయన ముఖం విప్పారింది.

"మీ నాయినకు పాటంటె పిచ్చి" అన్నాడు. "బండెక్కిండంటె పాటనే. గొంతు మాత్రం మంచిగుండకపోయేది బిడ్డా. ఎద్దులకు గూడ నచ్చకపోయేది. పాడకు మామా అంటె ఇంక గట్టిగ పాడెటోడు."

అజ్మత్ బీ మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు తీసేసి పైకే నవ్వింది.

"ఏం పాట కాకా?"

"యాదికి లేదు. జర ఆగు" అని ఆయన కళ్లు మూసుకున్నాడు. రాజమణి చాయ్ తెచ్చి పెట్టింది. అది చల్లారుతున్నా అజ్మత్ బీ ముట్టకుండా మంచం పట్టె మీదికి వంగి కూర్చుంది.